చెయ్యి లేచింది, భయం పోలేదు

1865 జూన్ 9న ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, స్టేపుల్‌హర్స్ట్ దగ్గర ఒక రైలు పట్టాలు తప్పింది. మరమ్మతు పనివాళ్లు చిన్న వంతెన మీద పట్టాలు ఊడదీసి ఉంచిన సమయంలో అది వచ్చిపడింది. పదిమంది చనిపోయారు. నవలాకారుడు చార్ల్స్ డికెన్స్ ఆ రైల్లోనే ఉన్నాడు. ఆయన కూర్చున్న పెట్టె వంతెన అంచున వాలిపోయి ఆగింది. ఒంటికి పెద్ద దెబ్బ తగలలేదు. కిందికి దిగి గాయపడినవాళ్లకు నీళ్లూ బ్రాందీ పట్టించాడు. ఆ తర్వాత మాత్రం రైలెక్కితే చాలు, కారణం లేకుండా భయం ముంచుకొచ్చేది, చేతులు వణికేవి. ఆ సంగతి ఆయన ఉత్తరాల్లో ఉంది, పిల్లల జ్ఞాపకాల్లో ఉంది, జీవితచరిత్రలన్నింటిలోనూ ఉంది. 1869 ఏప్రిల్‌లో, ఊరూరా తిరిగి తన రచనలు చదివి వినిపిస్తున్న రోజుల్లో, ఆయనకు తల తిరుగుడు, ఎడమ కాలు ఎడమ చెయ్యి పట్టు తప్పడం మొదలయ్యాయి. పక్షవాతం వచ్చే సూచనలున్నాయని డాక్టర్లు ఆ యాత్రను మధ్యలోనే ఆపించేశారు. 1870లో, సరిగ్గా రైలు ప్రమాదం జరిగిన తేదీనే, మెదడులో స్ట్రోక్ వల్ల ఆయన కన్నుమూశాడు. ఒకే మనిషి రెండుసార్లు చావు అంచుదాకా వెళ్లాడు. మొదటిది మనసుకు తగిలిన దెబ్బగా చరిత్రకెక్కింది. రెండోది ఒంటి జబ్బుగా మిగిలిపోయింది. ఆ హెచ్చరిక తర్వాత బతికిన పధ్నాలుగు నెలల్లో మళ్లీ అలా వస్తుందేమోనన్న భయం ఆయన్ను ఎంత బాధించిందన్నది ఆనాటి వైద్యానికి ప్రశ్నగానే తోచలేదు.

పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారిలో చాలామందిని ఇలాంటి భయమే పట్టి పీడిస్తుందని ఈనాటి వైద్యం ఒప్పుకుంటోంది. ఆ రోజు జరిగింది వద్దన్నా కళ్లముందుకు రావడం, పీడకలలు, ఆసుపత్రి పేరెత్తితే తప్పించుకోవాలనిపించడం, చెయ్యి కాస్త తిమ్మిరెక్కినా గుండె దడదడలాడటం, నిద్రపోతే మళ్లీ లేవనేమోనన్న అనుమానం దీని లక్షణాలు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్లో, అత్యాచార బాధితుల్లో, భూకంపం నుంచి బయటపడినవారిలో కనిపించే పీటీఎస్‌డీ, అంటే మనోగాయం మిగిల్చే జబ్బు లక్షణాలూ ఇలాంటివే. అయితే ఈ ఒప్పుకోలు పాతికేళ్ల కిందటిదాకా దాదాపు లేదు. పక్షవాతం మనిషికి కొత్త కాదు, భయమూ కొత్త కాదు. మరి రెండింటినీ కలిపి చూడటానికి వైద్యానికి ఇంతకాలం ఎందుకు పట్టింది? నా సమాధానం ఇది: ఆలస్యానికి కారణం పరిజ్ఞానం లేకపోవడం కాదు. వైద్యం తన సౌకర్యం కోసం గీసుకున్న రెండు గీతలు. ఒకటి ఒంటి జబ్బుకూ మనసు జబ్బుకూ మధ్య గీసింది. రెండోది, మనసును గాయపరిచే దెబ్బ బయటినుంచే రావాలన్న గీత. పక్షవాతం వచ్చిన మనిషి ఈ రెండు గీతలకూ అవతలే ఉండిపోయాడు.

మొదట, పాతకాలపు వైద్యం ఈ రోగిని ఎలా చూసిందో గమనించాలి. గ్రీకు వైద్యుల కాలం నుంచీ ఈ జబ్బును చావుకు ముందుమాటగానే ఎంచారు. తీవ్రంగా వస్తే మందు లేదని, తేలిగ్గా వచ్చినా నయం కావడం కష్టమని హిప్పోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాలే తేల్చేశాయి. స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌజెన్ వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్ శవాలను కోసి, మెదడులోకి వెళ్లే రక్తనాళాలను పరిశీలించి, అక్కడ రక్తం చిమ్మడం వల్ల మనిషి కూలిపోవచ్చని 1658లో పుస్తకం వేశాడు. జబ్బు ఎక్కడుందో చెప్పిన గొప్ప అడుగు అది. కానీ ఆ జ్ఞానం వచ్చింది చనిపోయినవారి నుంచి. బతికినవారు ఏమనుకుంటున్నారో అడగాల్సిన అవసరం దానికి పడలేదు. అడిగితే ఏం తెలిసేదో ఒక ఉదాహరణ చెబుతుంది. నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్‌కు 1783 జూన్‌లో ఒక రాత్రి మాట పడిపోయింది. ఆయన మొదట భయపడింది నోటి గురించి కాదు, బుద్ధి గురించి. తెలివి చెదిరిపోలేదు కదా అని పరీక్షించుకోవడానికి, దేవుణ్ణి వేడుకుంటూ మనసులోనే లాటిన్ పద్యం అల్లుకున్నాడు. పద్యం గొప్పగా రాలేదు. గొప్పగా రాలేదని తనకు తెలుస్తోంది కాబట్టి బుద్ధి బాగానే ఉందని నిశ్చయించుకున్నాడు. తెల్లవారాక కలం పట్టి పొరుగాయనకు చీటీ రాసి డాక్టర్లను పిలిపించుకున్నాడు. ఈ వివరాలన్నీ ఆయన ఉత్తరాల వల్లే మనకు దక్కాయి. వాటిని సాహిత్య చరిత్ర దాచుకుంది గాని, వైద్యం వాటి నుంచి పాఠమేదీ తీసుకోలేదు.

మనసుకు దెబ్బ తగలడమన్న ఆలోచన వైద్యంలోకి నడిచొచ్చింది ఆసుపత్రి గుమ్మంలోంచి కాదు, కోర్టు గుమ్మంలోంచి. పందొమ్మిదో శతాబ్దం మధ్యనాటికి బ్రిటన్‌లో రైలు ప్రమాదాల బాధితులు కంపెనీల మీద నష్టపరిహారం దావాలు వేస్తున్నారు. ఒంటి మీద గాయం కనిపించదు, మనిషి మాత్రం పనికి పనికిరాకుండా పోతాడు. లండన్ శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్ ఎరిక్‌సన్ 1866లో ఇలాంటివారి గురించి పుస్తకం రాసి, కుదుపుకు వెన్నుపాము దెబ్బతినడమే కారణమన్నాడు. రైల్వే కంపెనీ తరఫున పనిచేసిన శస్త్రవైద్యుడు హెర్బర్ట్ పేజ్ 1883లో దాన్ని ఖండించాడు. వెన్నులో ఏ గాయమూ లేదు, భయం ఒక్కటే ఈ లక్షణాలను తెచ్చిపెట్టగలదన్నాడు. కంపెనీ మేలు కోరి చెప్పిన ఆ మాటలో తర్వాతి శతాబ్దపు మనోవైద్యానికి బీజం ఉంది. 1889లో బెర్లిన్‌లో హెర్మన్ ఒపెన్‌హైమ్ ప్రమాదాల తర్వాతి నరాల జబ్బు గురించి రాసినప్పుడూ నేపథ్యం ఫ్యాక్టరీలు, రైళ్లు, బీమా చెల్లింపులే. ఈ పుట్టుక తన ముద్ర వేసింది. దావా వేయాలంటే ప్రతివాది కావాలి. తప్పు చేసిన కంపెనీ ఉండాలి, ప్రమాదానికి తేదీ, చోటు, సాక్షి ఉండాలి. కాబట్టి మనసుకు తగిలే దెబ్బకు బయటొక కర్త ఉండి తీరాలన్న అభిప్రాయం తొలినాడే స్థిరపడింది. సొంత మెదడులోని రక్తనాళం మూసుకుపోతే ఎవరిమీద దావా వేస్తాం? అడిగే వకీలు లేని భయాన్ని కొలిచే డాక్టరూ లేకపోయాడు.

ఒంటి జబ్బుకూ మనసు జబ్బుకూ మధ్య గీత పారిస్‌లో పడింది. అది నేరుగా పక్షవాతం రోగి అరికాలి మీదే పడింది. సల్‌పేత్రియేర్ ఆసుపత్రిలో జాఁ మార్టిన్ షార్కో దగ్గరికి కాలూ చెయ్యీ పడిపోయినవాళ్లు ఎందరో వచ్చేవారు. కొందరికి మెదడులో రక్తనాళం చిట్లి ఉండేది. కొందరికి ఏ గాయమూ ఉండేది కాదు, వారిని హిస్టీరియా రోగులనేవారు. ఎవరు ఏ కోవకు చెందుతారో తేల్చడం కష్టంగా ఉండేది. షార్కో శిష్యుడు జోసెఫ్ బాబిన్‌స్కీ 1896లో దానికి చిన్న పరీక్ష చూపించాడు. అరికాలి అంచున గీస్తే మామూలు మనిషి బొటనవేలు కిందికి వంగుతుంది. మెదడు నుంచి దిగే నరాల దారి దెబ్బతిన్నవాడి వేలు పైకి లేస్తుంది. ఇది ఎవరూ నటించలేనిది, పైసా ఖర్చు లేనిది, నేటికీ ప్రతి వైద్యవిద్యార్థీ నేర్చుకునేది. దీని విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ పరీక్షతోపాటు ఒక పంపకం కూడా జరిగిపోయింది. వేలు పైకి లేచినవాడు నరాల డాక్టరు మనిషి, అతనిది నిజమైన జబ్బు. వేలు కిందికి వంగినవాడు మనోవైద్యుడి మనిషి, అతనిది భావన. నిజమైన జబ్బున్నవాడికి మనోబాధ కూడా ఉండొచ్చన్న సంగతికి ఈ పంపకంలో చోటు లేకుండా పోయింది. ఇరవయ్యో శతాబ్దంలో న్యూరాలజీ, సైకియాట్రీ వేరువేరు విభాగాలుగా, వేరువేరు భవనాలుగా విడిపోయే కొద్దీ ఈ గీత గోడైంది. అరికాలి పరీక్ష పూర్తవగానే రోగి భయం ఎవరి శాఖకూ చెందనిదైపోయింది.

మొదటి ప్రపంచయుద్ధం ఈ గోడను ఒకసారి గట్టిగానే కుదిపింది. 1915 ఫిబ్రవరిలో బ్రిటిష్ వైద్యుడు చార్ల్స్ మైయర్స్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో షెల్ షాక్ గురించి రాశాడు. ఫిరంగిగుండ్ల పేలుడు తర్వాత సైనికులకు చూపు, వాసన, జ్ఞాపకం దెబ్బతినడం ఆయన చూశాడు. పేలుడు ధాటికి మెదడులో కంటికి కనిపించనంత చిన్న రక్తస్రావాలు జరుగుతున్నాయేమోనని మరో వైద్యుడు ఫ్రెడరిక్ మాట్ చనిపోయిన సైనికుల మెదళ్లను సూక్ష్మదర్శినితో వెతికాడు. అంటే ఆధునిక మనోగాయానికి తొలి నమూనాగా నిలిచిన జబ్బును, మొదట్లో ఒక రకం చిన్న స్ట్రోక్‌గా అనుమానించారన్నమాట! అయితే పేలుడు దరిదాపుల్లో లేనివారికీ అవే లక్షణాలు రావడంతో ఆ వాదం వీగిపోయింది, భయమూ యుద్ధపు ఒత్తిడీ అసలు కారణాలుగా నిలిచాయి. ఇక్కడ వైద్యం మరో దారి పట్టగలిగేది. మెదడుకు గాయమైతే మనసు కూడా గాయపడదా అని అడగగలిగేది. కానీ అడిగిన ప్రశ్న ఒక్కటే: మెదడా, మనసా? రెండూ ఒకే మనిషిలో, ఒకే సంఘటనలో ఉండొచ్చన్న జవాబును ఆ ప్రశ్నే అడ్డుకుంది. పైగా యుద్ధకాలపు అధికారులకు ఈ విభజన అవసరం కూడా. గాయపడినవాడికి గౌరవం, పింఛను. భయపడినవాడికి అనుమానం, ఒక్కోసారి పిరికితనం నేరం కింద శిక్ష. భయాన్ని సిగ్గుపడాల్సిన విషయంగా చూసే అలవాటు అక్కడ ఇంకా బలపడింది. యుద్ధరంగం ఎరగని పక్షవాతం రోగికి కూడా ఆ సిగ్గులో వాటా దక్కింది.

ఈనాటి పీటీఎస్‌డీ పుట్టింది వియత్నాం యుద్ధానంతర అమెరికాలో. 1970ల మొదట్లో న్యూయార్క్‌లో మాజీ సైనికులు గుంపులుగా కూర్చుని తమ బాధలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. రాబర్ట్ లిఫ్టన్, ఛైమ్ షాటన్ వంటి మనోవైద్యులు వారితో కూర్చున్నారు. వారి పోరాట ఫలితంగా అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన మనోవ్యాధుల గ్రంథం మూడో కూర్పులో ఈ జబ్బును చేర్చింది. డీఎస్‌ఎమ్ పేరుతో ప్రసిద్ధమైన ఆ గ్రంథం చేసిన మేలు పెద్దది. బాధ మనిషి బలహీనత కాదని, జరిగిన సంఘటన ఫలితమని అది తేల్చింది. కానీ ఆ సంఘటన మామూలు మానవానుభవపు హద్దులకు అవతలిదై ఉండాలని షరతు పెట్టింది. హద్దుకు లోపలివిగా ఆప్తుల మరణాన్ని, వ్యాపార నష్టాన్ని, సంసారంలో కలతలను, వాటితోపాటే దీర్ఘకాలపు జబ్బునూ లెక్కించింది. సైనికుడి కోసం తెరిచిన తలుపు, అలా రోగి ముఖం మీద మూసుకుంది. ఈ షరతు పెట్టినవారు దుర్మార్గులు కారు. నిర్వచనం బిగువుగా లేకపోతే ప్రతి దుఃఖమూ జబ్బైపోతుందన్న వారి ఆందోళనలో న్యాయం ఉంది. అయినా జబ్బు సర్వసాధారణం కాబట్టి దాని అనుభవమూ సాధారణమేననుకోవడం తర్కానికి నిలవదు. పొద్దున పళ్లు తోముకుంటూ కుడిచేతి నుంచి బ్రష్ జారిపోయి, పిలుద్దామంటే నోట మాట రాక, ఒంటరిగా నేలమీద పడి ఉన్న మనిషికి ఆ గంట మామూలు మానవానుభవం ఎలా అవుతుంది?

అదే కాలంలో న్యూరాలజీ వైపు నుంచి కూడా కదలిక వచ్చింది. 1973లో నార్వేకు చెందిన నాడీశాస్త్రవేత్త ఆల్ఫ్ బ్రోడాల్ తనకొచ్చిన స్ట్రోక్ గురించి తానే రాసి బ్రెయిన్ అనే పేరున్న పత్రికలో ప్రచురించాడు. రోగి చెప్పేది కూడా శాస్త్రానికి సాక్ష్యమేనని ఒక శాస్త్రవేత్తే నిరూపించిన సందర్భం అది. 1977లో మనోవైద్యుడు ఫోల్‌స్టైన్, ఆయన సహచరులు ఇరవైమంది స్ట్రోక్ రోగులను, కదలిక అంతే దెబ్బతిన్న పదిమంది ఎముకల జబ్బు రోగులతో పోల్చారు. కుంగుబాటు స్ట్రోక్ రోగుల్లోనే బాగా ఎక్కువగా కనిపించింది. దాంతో స్ట్రోక్ తర్వాతి కుంగుబాటు పరిశోధనాంశమైంది. మెదడు ఎడమ ముందుభాగం దెబ్బతింటే కుంగుబాటు వస్తుందని రాబర్ట్ రాబిన్‌సన్ బృందం వాదించింది. దాదాపు ఇరవయ్యేళ్లు చర్చంతా ఆ చోటు చుట్టూనే తిరిగింది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2000లో లాన్సెట్‌లో వచ్చి, గాయం చోటుకూ కుంగుబాటుకూ అలాంటి సంబంధం కనబడటం లేదని చెప్పింది. మనసు బాధను లెక్కలోకి తీసుకోవాలన్నా దానికి మెదడు పటంలో చిరునామా ఉండాలని ఆ పరిశోధన పట్టుబట్టింది. కుంగుబాటుకు చిరునామా వెతికారు కాబట్టి అది కనిపించింది. భయం ఒక సంఘటన జ్ఞాపకానికి సంబంధించింది, దానికి చిరునామా అడగడం కుదరదు, కాబట్టి అది మరుగునే ఉండిపోయింది.

1994లో డీఎస్‌ఎమ్ నాలుగో కూర్పు పాత షరతును సడలించి, ప్రాణాంతకమైన జబ్బు బయటపడటాన్ని కూడా మనోగాయానికి కారణం కాగల సంఘటనల్లో చేర్చింది. తలుపు తెరుచుకోగానే అడిగేవాళ్లు వచ్చారు. స్ట్రోక్ తర్వాత పీటీఎస్‌డీ వస్తుందా అని నేరుగా అడిగిన తొలి అధ్యయనాల్లో ఒకటి 1998లో ఇంగ్లండ్‌లో వెలువడింది. 61 మందిని పరిశీలిస్తే దాదాపు పదిమందిలో ఒకరికి ఆ జబ్బు ఉన్నట్టు తేలింది. 2012లో న్యూయార్క్‌లో ఇయన్ క్రోనిష్, డొనాల్డ్ ఎడ్మండ్‌సన్ బృందం అయిదేళ్లలోపు స్ట్రోక్ లేదా మినీ స్ట్రోక్ వచ్చిన 535 మందిని ప్రశ్నించింది. 18 శాతం మందిలో పీటీఎస్‌డీ ఉండే అవకాశం కనిపించింది. అంతకంటే ముఖ్యమైన సంగతి మందుల గురించి తెలిసింది. ఈ లక్షణాలున్నవారిలో 67 శాతం మంది మందులు సరిగా వేసుకోవడం లేదు, లేనివారిలో ఆ సంఖ్య 35 శాతం. మరుసటి ఏడాది ఎడ్మండ్‌సన్ బృందం తొమ్మిది అధ్యయనాలను, అందులోని 1,138 మందిని కలిపి లెక్కవేసింది. స్ట్రోక్ వచ్చిన ఏడాదిలోపు దాదాపు 23 శాతం మందిలో, ఏడాది దాటాక 11 శాతం మందిలో ఈ లక్షణాలు ఉన్నట్టు తేలింది. 2014లో జర్మనీలో మినీ స్ట్రోక్ మాత్రమే వచ్చిన 108 మందిని చూస్తే దాదాపు 30 శాతం మందిలో కనిపించాయి. ఈ చివరి సంఖ్య దగ్గర కాస్త ఆగాలి. మినీ స్ట్రోక్ అంటే చెయ్యి మళ్లీ లేస్తుంది, మాట మళ్లీ వస్తుంది, అంగవైకల్యం మిగలదు. అయినా అంతమందిని భయం పట్టుకుందంటే ఇది వైకల్యం వల్ల కలిగే దిగులు మాత్రమే కాదని స్పష్టం.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది జ్ఞాపకం గురించి. స్ట్రోక్‌లో కొందరికి స్పృహ తప్పుతుంది, ఏం జరిగిందో గుర్తుండదు. గుర్తులేని సంఘటన కళ్లముందుకు ఎలా వస్తుందని అడుగుతారు. జెనీవా వైద్యుడు ఎదువార్ క్లాపరేద్ 1911లో రాసిన ఒక ప్రయోగంలో దీనికి జవాబుంది. జ్ఞాపకశక్తి పోయిన ఒక రోగిణితో కరచాలనం చేస్తూ ఆయన వేళ్ల మధ్య దాచిన గుండుసూదితో గుచ్చాడు. కాసేపటికి ఆమె ఆ సంగతి మర్చిపోయింది. కానీ మళ్లీ చెయ్యి చాస్తే వెనక్కి లాక్కుంది, ఎందుకో మాత్రం సరిగా చెప్పలేకపోయింది. భయం నేర్చుకోవడానికి కథ గుర్తుండక్కర్లేదు. పైగా స్ట్రోక్ రోగి అనుభవం పడిపోయిన క్షణంతో ముగియదు. అంబులెన్స్, అత్యవసర విభాగం, ఐసీయూ, మంచం పక్కన ఏడుస్తున్న ఇంటివాళ్లు, అన్నీ తెలుస్తున్నా నోరు తెరవలేని రోజులు ఉంటాయి. రెండో అభ్యంతరం ఇంకా బలమైంది. నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఏకాగ్రత తప్పడం మెదడు గాయం వల్ల కూడా వస్తాయి, వాటిని పీటీఎస్‌డీ లెక్కలో కలిపేస్తున్నారని అంటారు. నిజమే, ప్రశ్నపత్రాల మీద ఆధారపడిన అధ్యయనాలకు ఈ లోపం ఉంది, అందుకే సంఖ్యలు ఒక చోటికీ మరో చోటికీ మారుతున్నాయి. కానీ పీడకలలు, ఆ రోజును గుర్తుచేసేవాటి నుంచి పారిపోవడం మెదడు గాయం లక్షణాల్లో ఇమిడేవి కావు. ఇంకోవైపు లెక్క తగ్గే కారణం కూడా ఉంది. మాట పడిపోయినవారు ప్రశ్నలకు జవాబు చెప్పలేరు కాబట్టి ఇలాంటి అధ్యయనాలు వారిని సాధారణంగా పక్కన పెడతాయి. అందరికంటే ఎక్కువ నిస్సహాయతను చవిచూసినవారే లెక్కలో లేరు.

మూడో అభ్యంతరం శాస్త్రానిది కాదు, నీతిది. చావు దగ్గరికొచ్చి వెళ్లినప్పుడు భయపడటం సహజం, దానికి జబ్బు పేరు తగిలించడం మనిషిని అవమానించడం కాదా అని కొందరు బాధపడతారు. 2013లో డీఎస్‌ఎమ్ అయిదో కూర్పు ఇదే ఆలోచనతో కొంత వెనకడుగు వేసింది. ప్రాణాంతకమైన జబ్బు దానంతటదే మనోగాయం కాదని, హఠాత్తుగా విరుచుకుపడే వైద్య విపత్తులు మాత్రమే లెక్కకు వస్తాయని చెప్పింది. స్ట్రోక్ హఠాత్తుగానే విరుచుకుపడుతుంది, అయినా అందులో ఇచ్చిన ఉదాహరణలు ఆపరేషన్ మధ్యలో మెలకువ రావడం వంటివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ మరోలా నడిచింది. గుండెపోటులాంటి తీవ్రమైన ప్రాణాంతక జబ్బును మనోగాయం కలిగించే సంఘటనల్లో ఉదాహరణగా పేర్కొంది. స్ట్రోక్‌ను రక్తప్రసరణ జబ్బుల అధ్యాయం నుంచి నాడీమండల జబ్బుల అధ్యాయానికి మార్చిందీ ఈ వర్గీకరణే. చర్చ ముగియలేదని ఈ రెండు నిర్ణయాలే చెబుతున్నాయి. నైతిక అభ్యంతరానికి మాత్రం మందుల లెక్క సమాధానం చెబుతుంది. సహజమైన భయం మనిషిని జాగ్రత్తపడేలా చేస్తుంది. ఇక్కడ భయమున్నవారే దాదాపు రెట్టింపు నిష్పత్తిలో బీపీ మాత్రను, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రను వదిలేస్తున్నారు. మాత్ర చూసినప్పుడల్లా ఆ రోజు గుర్తుకొస్తుంది కాబట్టి మాత్రను తప్పించుకుంటున్నారన్నది పరిశోధకులు చెప్పే కారణాల్లో ఒకటి. కాపాడాల్సిన భయమే ఇక్కడ మనిషిని రెండో స్ట్రోక్ వైపు నెడుతోంది. దాన్ని సహజమని వదిలేయడం గౌరవం అనిపించుకోదు.

దెబ్బ బయటినుంచే రావాలన్న గీతకు ఎడ్మండ్‌సన్ 2014లో రాసిన వివరణ సరైన జవాబని నా అభిప్రాయం. సైనికుడి భయం గడిచిపోయిన దానిమీద ఉంటుంది, ప్రమాదం ఎక్కడో దూరదేశంలో ఉండిపోయింది. ఇక్కడ భద్రంగా ఉన్నావని అతనికి చెబితే ఆ మాట నిజం. జబ్బు నుంచి బయటపడినవాడి భయం రేపటి మీద ఉంటుంది, ప్రమాదం సొంత ఒంట్లోనే ఉంది. అదే గుండె, అదే మెదడు, అవే రక్తనాళాలు. పారిపోవడానికి చోటు లేదు, ఇంకేం ఫర్వాలేదని చెబితే అది పూర్తి నిజమూ కాదు, ఎందుకంటే స్ట్రోక్ ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే ముప్పు నిజంగానే ఉంది. నూటయాభై ఏళ్ల కిందట కోర్టుగదిలో తయారైన కొలత ఈ భయానికి సరిపోదు. అందుకని చికిత్స కూడా సైనికుడి చికిత్సకు నకలుగా ఉంటే చాలదు. ప్రమాదం లేదని నచ్చజెప్పడం కాక, ఉన్న ప్రమాదంతో బతకడం నేర్పాలి. ఏ లక్షణానికి పరుగెత్తాలో, ఏ తిమ్మిరిని పట్టించుకోనక్కర్లేదో న్యూరాలజిస్టు చెప్పాలి, జ్ఞాపకాల తాకిడిని మనోవైద్యుడు చూడాలి. ఇద్దరూ ఒకే రోగి గురించి మాట్లాడుకోవాలి. బాబిన్‌స్కీ నాడు వేరుపడ్డ రెండు శాఖలు కలవాల్సిన చోటు ఇది.

ఈ ప్రశ్న ఇప్పుడు మరింత అవసరం కావడానికి కారణం వైద్యం సాధించిన విజయమే. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ మూడు గంటల్లోపు ఇస్తే వైకల్యం తగ్గుతుందని 1995 చివర్లో అమెరికా పరిశోధన నిరూపించింది. గడ్డను తీగతో లాగేసే చికిత్స ఫలితాలు 2015లో వరసగా వచ్చాయి. స్ట్రోక్ రోగులకు ప్రత్యేక వార్డులు వచ్చాయి. బతికేవారు పెరిగే కొద్దీ, బతికాక ఎలా ఉన్నారన్న ప్రశ్న పెద్దదవుతుంది. మన దేశంలో ఆ ప్రశ్న బరువు మోసేది ముఖ్యంగా కుటుంబం. ఇంటివాళ్లకే వ్యాయామాలు నేర్పిస్తే రోగి త్వరగా కోలుకుంటాడా అని మన దేశంలో 14 కేంద్రాల్లో 1,250 మందితో ఒక అధ్యయనం చేశారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన దాని ఫలితం నిరాశపరిచింది, ఆరు నెలలకు చావులోగాని, ఇతరుల మీద ఆధారపడటంలోగాని తేడా రాలేదు. చికిత్స భారాన్ని ఇంటిమీద పెట్టి ఊరుకుంటే సరిపోదని అది చెప్పింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పక్షవాతం వచ్చినవారిని పరామర్శించడానికి వెళ్లినప్పుడు మనం అడిగేవి కూడా బాబిన్‌స్కీ ప్రశ్నలే: చెయ్యి ఎంతవరకు లేస్తోంది, నడక వచ్చిందా, మాట తేటగా ఉందా? ఆ తర్వాత ధైర్యంగా ఉండమని చెప్పి లేస్తాం. అందులో ప్రేమ ఉంది. కానీ ధైర్యంగా ఉండమన్న మాట, భయం గురించి మాట్లాడే అవకాశాన్ని మూసేస్తుంది. షెల్ షాక్ నాటి సిగ్గు మన ఇళ్లలోకి అలా తెలియకుండానే వస్తుంది.

ఈ చరిత్ర నుంచి తేలేది ఒక్కటే. భయం ఎప్పుడూ ఉంది. దాన్ని అడిగే సంస్థ ఉన్నప్పుడే అది లెక్కకు వచ్చింది. రైలు ప్రయాణికుడికి కోర్టు ఉంది, సైనికుడికి తోటి సైనికుల సంఘం ఉంది. పక్షవాతం రోగికి అలాంటి గొంతు లేదు, చాలాసార్లు నోటిమాటే లేదు. అతని తరఫున అడగాల్సింది ఆసుపత్రే. డిశ్చార్జి కాగితంలో బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అంకెలు రాసే చోట నిద్ర, పీడకలలు, ఒంటరిగా ఉండటానికి భయం, మందులంటే విముఖత గురించి నాలుగు ప్రశ్నలు చేరిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. మాట రానివారిని తల ఊపమని, బొమ్మలు చూపించమని అడగవచ్చు. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి, ఎందుకంటే ఈ లక్షణాలు ఏడాది తర్వాత కూడా కొందరిలో ఉంటున్నాయి. జవాబు అవునని వస్తే మనోవైద్యుడి దగ్గరికి పంపడం, ఫిజియోథెరపీకి పంపినంత మామూలు పని కావాలి. మెదడు ప్రాణాన్ని కాపాడటం నేర్చుకున్న వైద్యం, ఆ ప్రాణం భయం లేకుండా బతకడాన్ని కూడా తన పనిగా ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే నష్టం రోగి మనసుకే కాదు. వేసుకోని మాత్రల రూపంలో, రెండో స్ట్రోక్ రూపంలో అది తిరిగి అదే ఆసుపత్రికి వస్తుంది.